డబ్బు లెక్క చూసుకుంటూ అంతర్జాతీయ సంబంధాల చదువుకు కళాశాలను ఎంచుకోవడం ఎలా?

ఇంటర్మీడియట్ పూర్తవుతున్న పిల్లలున్న హైదరాబాద్ ఇళ్లలో వేసవి మాటలన్నీ ఎప్‌సెట్ ర్యాంకు చుట్టూ తిరుగుతాయి. అలాంటి ఇంట్లో ఒక అమ్మాయో అబ్బాయో తాను అంతర్జాతీయ సంబంధాలు చదువుతానని చెబితే పెద్దవాళ్లకు వెంటనే రెండు సందేహాలు కలుగుతాయి: అది చదివితే ఏ ఉద్యోగం వస్తుంది, దానికి ఎంత ఖర్చవుతుంది? రెండూ న్యాయమైన ప్రశ్నలే, వాటికి తొందరపడకుండా, అంకెలతో సహా జవాబు చెప్పుకోవాలి.

ఈ రంగంలో సంపాదన ఆలస్యంగా మొదలవుతుంది. ఇంజనీరింగ్‌లో నాలుగో ఏడు ముగిసేలోపు క్యాంపస్ ఎంపికలు జరిగిపోతాయి. ఇక్కడ బీఏ తర్వాత ఎంఏ, దానితోపాటు ఒక విదేశీ భాష, కొంత పరిశోధన అనుభవం సమకూరే వరకు చెప్పుకోదగిన జీతం చేతికి రాదు. కాబట్టి డబ్బు పరిమితంగా ఉన్న కుటుంబం మొదట తేల్చుకోవలసింది తమ డబ్బు ఏ దశలో ఖర్చుపెట్టాలన్నది. బీఏను వీలైనంత తక్కువ ఖర్చులో, వీలైనంత శ్రద్ధగా చదివి, కూడబెట్టిన సొమ్మును, అప్పు చేయగల శక్తిని ఎంఏ దశకు దాచుకోవాలన్నది నా నిశ్చితాభిప్రాయం. ఈ మార్గదర్శి అంతా ఆ అభిప్రాయం మీదే నడుస్తుంది.

మొదటి అడుగు: ఈ చదువు ఎక్కడికి చేరుస్తుందో తెలుసుకోవడం

ఈ చదువు పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది విదేశాంగ సేవ (ఐఎఫ్‌ఎస్). ఐఎఫ్‌ఎస్‌లో ప్రవేశం యూపీఎస్‌సీ నిర్వహించే సివిల్ సర్వీసెస్ పరీక్ష ద్వారా జరుగుతుంది. ఆ పరీక్ష రాయడానికి గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం ఇచ్చిన ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. పట్టా మీద అంతర్జాతీయ సంబంధాలు అన్న మాట ఉన్నంత మాత్రాన ఒక్క మార్కు కూడా అదనంగా రాదు. ఐచ్ఛిక విషయాల జాబితాలో రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు కలిసి ఒకే సబ్జెక్టుగా ఉన్నాయి. దానికి ఒక్కొక్కటి 250 మార్కుల చొప్పున రెండు పేపర్లు. మొదటిది రాజకీయ సిద్ధాంతం, భారత రాజకీయాలు, రెండోది తులనాత్మక రాజకీయాలు, అంతర్జాతీయ సంబంధాలు. సాధారణ ప్రభుత్వ కళాశాలలో బీఏ రాజనీతిశాస్త్రం శ్రద్ధగా చదివిన విద్యార్థికి ఈ రెండింటికీ పునాది పడుతుంది.

విదేశాంగ సేవ ఒక్కటే దారి కాదు. ఢిల్లీలో 1943లో ఏర్పడిన భారత ప్రపంచ వ్యవహారాల మండలి, 1965లో మొదలైన రక్షణ అధ్యయన సంస్థ, 1990లో వచ్చిన అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్ వంటి విధాన పరిశోధన సంస్థలు ఉన్నాయి. వాటిలో పరిశోధన పనికి సాధారణంగా ఎంఏ అయినా అవసరమవుతుంది. బోధన వైపు వెళ్లేవారు జాతీయ అర్హత పరీక్ష నెట్ రాయాలి. అందులో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) సాధించి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. మన హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లోని అంతర్జాతీయ బ్యాంకుల కార్యాలయాల్లో ఆంక్షల నిబంధనలు పాటింపజేసే విభాగాలు, దేశాలవారీ ముప్పును అంచనా వేసే విభాగాలు కూడా ఉంటాయి, కానీ ఈ చదువు చదివిన పిల్లలకు ఆ సంగతి తెలియడం అరుదు. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్ చాలామంది కల. దానికి జీతం ఉండదు; న్యూయార్క్‌లోనో జెనీవాలోనో ఆ కాలమంతా సొంత ఖర్చుతో బతకాలి. ఇది ముందే తెలిస్తే, ఆ కల ఉన్న కుటుంబం బీఏకే చేతిలోని డబ్బంతా పెట్టకుండా జాగ్రత్తపడుతుంది.

రెండో అడుగు: ఇంటి లెక్క కాగితం మీద పెట్టడం

కళాశాలల జాబితా తీయడానికి ముందే తల్లిదండ్రులు, విద్యార్థి కలిసి కూర్చుని నాలుగు విషయాలు రాసుకోవాలి. అప్పు లేకుండా ఏడాదికి ఎంత ఇవ్వగలరు? తమ్ముడి చదువు, చెల్లి పెళ్లి, అమ్మమ్మ వైద్యం వంటి అవసరాలకు ముట్టుకోకూడని సొమ్ము ఎంత? ఎంత అప్పు వరకు ధైర్యంగా తీర్చగలరు? ధ్రువపత్రం ప్రకారం కుటుంబ వార్షికాదాయం ఎంత, ఏ సామాజిక వర్గం? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ప్రభుత్వ సాయం లక్షల్లో మారిపోతుంది కాబట్టి దాన్ని చివరికి వదిలేయకూడదు. మన ఇళ్లలో జీతం ఎంతో పిల్లలకు చెప్పని అలవాటు ఉంది. ఈ ఒక్క సందర్భంలో ఆ అలవాటును పక్కన పెట్టమని తల్లిదండ్రులను మనస్ఫూర్తిగా కోరుతున్నాను. ఇంటి పరిస్థితి తెలిసిన విద్యార్థి దరఖాస్తులు కూడా వివేకంగానే పెట్టుకుంటుంది.

అప్పు సంగతి కొంచెం వివరంగా చూడాలి. పది లక్షల రూపాయలను పది శాతం వడ్డీకి, పదేళ్లలో తీర్చేలా తీసుకుంటే నెల వాయిదా సుమారు 13,200 రూపాయలు, మొత్తం చెల్లించేది దాదాపు 15 లక్షల 86 వేలు. నలభై లక్షలకు అదే వడ్డీ, అదే గడువు అయితే వాయిదా దాదాపు 52,900. దీన్ని పైన చెప్పిన జేఆర్‌ఎఫ్ 37,000తో పోల్చండి. ఏడో వేతన సంఘం ప్రకారం కొత్తగా చేరిన ఐఎఫ్‌ఎస్ అధికారి మూల వేతనం 56,100 రూపాయలు, దాంతోనూ పోల్చండి. ఈ రంగంలో అత్యున్నతమైన ఉద్యోగం సంపాదించినా మొదట్లో దాదాపు మూల వేతనమంతా ఆ వాయిదాకే సరిపోతుంది. పైగా సాధారణంగా చదువు కాలంలోను, ఆ తర్వాత ఏడాదిపాటు వాయిదా కట్టనవసరం లేకపోయినా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. వీలైతే ఆ కాలంలో సాధారణ వడ్డీ అయినా నెలనెలా కడుతూ పోవడం మంచిది.

తాకట్టు, పూచీకత్తు విషయంలో బ్యాంకుల మధ్య తేడాలున్నా, కేంద్ర ప్రభుత్వ రుణ హామీ పథకం కింద 7.5 లక్షల వరకు విద్యారుణానికి ఆస్తి తాకట్టు అడగరు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ప్రకారం, విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల ఆధారంగా ఎంపికైన విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు లేకుండా రుణం దొరుకుతుంది. కుటుంబ వార్షికాదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే పది లక్షల వరకు రుణం మీద, వాయిదాలు మొదలయ్యే వరకు, మూడు శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. కాబట్టి దేశంలోని ఏ కళాశాలనైనా జాబితాలో చేర్చుకునేటప్పుడు అది ఆ పథకంలో ఉందా లేదా అన్నది పక్కనే రాసుకోవాలి.

మూడో అడుగు: బీఏ కోసం ముందు హైదరాబాద్‌నే వెతకడం

పట్టా పేరులో అంతర్జాతీయ సంబంధాలు అని ఉండే బీఏలు ఎక్కువగా ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లోనే దొరుకుతాయి, వాటి ఫీజులు ఏడాదికే లక్షల్లో ఉంటాయి. ఆ పేరు కోసం అంత చెల్లించే ముందు, అదే పునాదిని మన నగరంలో ఎంత తక్కువకు వేసుకోవచ్చో చూడాలి.

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు చాలావరకు రాష్ట్ర ఆన్‌లైన్ ప్రవేశాల వ్యవస్థ దోస్త్ ద్వారా జరుగుతాయి. 1887లో మొదలైన నిజాం కళాశాల, కోఠిలో ఉస్మానియా మహిళా కళాశాలగా తరతరాలుగా తెలిసిన నేటి వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం, నగరంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు ఆ జాబితాలో మొదట చూడవలసినవి. వెబ్ ఆప్షన్లు ఇచ్చేటప్పుడు కళాశాల పేరుతో సమానంగా సబ్జెక్టుల కలయికను పట్టించుకోవాలి. రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం, చరిత్ర కలిసిన బీఏ దొరికితే దాన్ని వదలకండి. అర్థశాస్త్రం మీద ప్రత్యేకంగా పట్టుబట్టమంటాను: వాణిజ్య ఒప్పందాలు, ఆంక్షలు, చమురు ధరలు, రుణ సంక్షోభాలు అర్థం కాకుండా నేటి అంతర్జాతీయ రాజకీయాలు అర్థం కావు, విదేశాల్లో ఎంఏకు దరఖాస్తు చేసినప్పుడు కూడా ఆ మార్కులు మాట్లాడతాయి. హెచ్‌ఈసీ, సీఈసీ చదివినవారికే ఈ దారి అన్న అపోహ వద్దు. ఎంపీసీ చదివిన విద్యార్థులు కూడా బీఏలో చేరవచ్చు, గణితం అలవాటు వారికి అర్థశాస్త్రంలో అక్కరకు వస్తుంది.

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ అక్కడ సామాజిక శాస్త్రాల్లో ఉంది, అందులో రాజనీతిశాస్త్రం ఒకటి. ప్రవేశం విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ ద్వారా. ఫీజు ప్రైవేటు సంస్థలతో పోల్చలేనంత తక్కువ, పరిశోధన చేసే అధ్యాపకుల మధ్య, పెద్ద గ్రంథాలయంతో ఐదేళ్లు గడపవచ్చు. హైదరాబాద్‌లో ఉంటూ ఈ రంగం మీద మనసున్న విద్యార్థికి నేను మొదటి ప్రాధాన్యంగా చెప్పేది ఇదే. సీట్లు తక్కువ కాబట్టి దీని మీద ఆశ పెట్టుకుంటూనే దోస్త్‌లో కూడా నమోదు చేసుకోవాలి. సీయూఈటీ రాసే భాషల్లో తెలుగు కూడా ఉంది. తెలుగు మాధ్యమంలో చదివామని వెనకడుగు వేయనవసరం లేదు. అయితే చేరాక పాఠ్యగ్రంథాలన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి కనుక ఇంటర్ రెండో సంవత్సరం నుంచే రోజూ ఒక ఇంగ్లిషు పత్రికలో అంతర్జాతీయ పేజీ చదివే అలవాటు చేసుకోవాలి. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి ఆ దగ్గరలోనే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. రాష్ట్ర స్కాలర్‌షిప్పుల వెబ్‌సైటు ఈపాస్ ద్వారా వచ్చే ఈ సాయానికి ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు వార్షికాదాయ పరిమితి రెండు లక్షలు. బీసీ, ఈబీసీ, మైనారిటీ వర్గాలకు పట్టణాల్లో రెండు లక్షలు, గ్రామాల్లో లక్షన్నర. హాజరు 75 శాతం ఉండాలి. కొన్ని కళాశాలలు దోస్త్ వెలుపల సొంతంగా ప్రవేశాలు జరుపుకుంటాయి. అలాంటి చోట చేరే ముందు ఆ సీటుకు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అన్నది నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ఆదాయ, కుల ధ్రువపత్రాల కోసం మీసేవలో ముందే దరఖాస్తు చేసి ఉంచుకోండి. ప్రవేశాల వేళ అందరూ ఒకేసారి వచ్చి పడతారు.

ఇక కళాశాలకు స్వయంగా వెళ్లి చూడటం. బ్రోచర్ ఎంత అందంగా ఉన్నా, రాజనీతిశాస్త్ర విభాగం గుమ్మంలో నిలబడి మూడు సంగతులు కనుక్కోండి: శాశ్వత అధ్యాపకులు ఎందరు, గ్రంథాలయంలో అంతర్జాతీయ వ్యవహారాల పత్రికలు ఏవి వస్తున్నాయి, గత రెండు మూడేళ్లలో ఈ విభాగం నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఎంఏ సీట్లు ఎందరికి వచ్చాయి? చివరి ఏడాది విద్యార్థులను పక్కకు పిలిచి, తరగతులు నిజంగా జరుగుతాయా అని అడిగితే వాళ్లు నిజమే చెబుతారు. తరగతులు అంతంతమాత్రమే అయినా గ్రంథాలయం బాగుంటే పట్టుదల గల విద్యార్థి నెట్టుకురావచ్చు. రెండూ లేని చోట ఫీజు ఎంత తక్కువైనా చేరవద్దు.

నాలుగో అడుగు: బీఏతోపాటే ఒక విదేశీ భాష

ఈ విషయంలో హైదరాబాద్‌కు ఉన్న అదృష్టం చాలా నగరాలకు లేదు. తార్నాక దగ్గర ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఉంది. అక్కడ అరబిక్, ఫ్రెంచ్, జర్మన్, రష్యన్, స్పానిష్ వంటి భాషల్లో డిగ్రీలతోపాటు వేరే చోట చదివేవారి కోసం పార్ట్‌టైమ్ కోర్సులు కూడా నడుస్తాయి. దోమలగూడ రామకృష్ణ మఠంలోని వివేకానంద భాషా సంస్థలో తక్కువ రుసుముకే విదేశీ భాషలు నేర్పుతారు. అలయన్స్ ఫ్రాన్సేజ్, గోథే జెంత్రమ్ ఖర్చు ఎక్కువైనా అంతర్జాతీయ గుర్తింపు ఉన్న పరీక్షలకు సిద్ధం చేస్తాయి. తొలి స్థాయిలు తక్కువ ఖర్చు చోట పూర్తిచేసి, ధ్రువపత్రం అవసరమైన స్థాయికి మాత్రమే ఎక్కువ ఖర్చు చోటికి వెళ్లడం మధ్యతరగతి కుటుంబానికి అనువైన పద్ధతి.

ఏ భాష అన్నది ఎలా నిర్ణయించాలి? జర్మనీలో ఎంఏ ఆలోచన ఉంటే జర్మన్. ఐక్యరాజ్యసమితి వైపు మనసుంటే ఫ్రెంచ్. పశ్చిమాసియాతో మన నగరానికి ఉన్న వలస సంబంధాల దృష్ట్యా అరబిక్. పాతబస్తీ కుటుంబాల్లో ఉర్దూ లిపి వచ్చిన పిల్లలకు అరబిక్, పర్షియన్ లిపులు కొత్త కావు, అది వాళ్లకు పెద్ద ఊతం. నగరంలో ఇరాన్, యూఏఈ, తుర్కియే, అమెరికా కాన్సులేట్లు, బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్ ఉండటం వల్ల ఆయా భాషల, దేశాల కార్యక్రమాలు ఇక్కడే చూసే అవకాశమూ ఉంది. ఒక భాషను మూడేళ్లు వదలకుండా నేర్చుకోండి. మూడు భాషల్లో మూడు నెలల చొప్పున నేర్చుకున్న ధ్రువపత్రాలు ఎవరినీ మెప్పించవు.

2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతించింది. రోజూ కళాశాలకు వెళ్లి ఒకటి, దూరవిద్యలో మరొకటి చేయవచ్చు. ఇగ్నో వంటి సంస్థల్లో రెండో చదువు చవకగా అందుతుంది. అయితే భాషకు కేటాయించిన సమయం దానికి బలి కాకూడదు.

ఐదో అడుగు: బీఏకే నగరం దాటాలనుకుంటే

బీఏ స్థాయిలోనే ఈ సబ్జెక్టును ప్రత్యేకంగా బోధించే ప్రభుత్వ విభాగాల్లో కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానిది 1956 నాటి చరిత్ర, ఫీజు చాలా తక్కువ. అక్కడ సీటు వస్తే వెళ్లడం సమంజసమే. అయినా లెక్క వేసి చూడండి: వేరే నగరంలో వసతికి, భోజనానికి నెలకు 15,000 రూపాయలు అనుకుంటే, ఏడాదికి పది నెలల చొప్పున మూడేళ్లకు నాలుగున్నర లక్షలు, రైలు ఖర్చులు వేరు. ఇంట్లో ఉండి నిజాం కళాశాలకు మెట్రోలో వెళ్లే విద్యార్థికి ఆ సొమ్ము దాదాపు మొత్తం మిగులుతుంది.

ప్రైవేటు విశ్వవిద్యాలయాలను పూర్తిగా కొట్టిపారేయను. సోనీపత్‌లోని జిందాల్ విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ వ్యవహారాలకు ప్రత్యేక విభాగమే ఉంది. అశోకా విశ్వవిద్యాలయం కుటుంబ ఆర్థిక స్థితిని బట్టి ఫీజు రాయితీ ఇస్తుంది. ఇలాంటి చోట దరఖాస్తు పెట్టండి, రాయితీ ఎంత వస్తుందో చూడండి, ఆ తర్వాతే నిర్ణయించండి. నాకు తెలిసిన ఒక విద్యార్థినికి ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం మొదటి ఏడాది సగం ఫీజు తగ్గించింది. రెండో ఏడాది గ్రేడు కొద్దిగా తగ్గగానే ఆ రాయితీ ఆగిపోయింది, తండ్రి అప్పటికప్పుడు బంగారం కుదువ పెట్టవలసి వచ్చింది. నియమం కాగితం మీద ఉంది, వాళ్లు చదవలేదు. ఆ ఇంటి బాధను దగ్గర నుంచి చూశాను కనుక ఎవరు అడిగినా ఈ ప్రశ్నలు రాసి ఇస్తున్నాను: రాయితీ ఎన్నేళ్లు? ఏ గ్రేడు తప్పితే పోతుంది? ట్యూషన్ మీదేనా, హాస్టల్ మీద కూడానా? ఏటా ఫీజు ఎంత శాతం పెరుగుతుంది, పెరిగిన మేరకు రాయితీ కూడా పెరుగుతుందా? జవాబులు ఈమెయిల్‌లో తీసుకోండి.

ఆరో అడుగు: ఎంఏకు దేశంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు

తక్కువ డబ్బుతో ఈ రంగంలో మంచి చదువు దొరికే దశ ఇదే. ఢిల్లీలో 1955లో మొదలైన భారత అంతర్జాతీయ అధ్యయన సంస్థ 1970లో జేఎన్‌యూలో కలిసి స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ అయింది. దేశంలో ఈ రంగానికి అది పెద్ద దిక్కు. ఎంఏ ట్యూషన్ ఫీజు ఏడాదికి వందల రూపాయల్లోనే ఉంటుంది. సార్క్ దేశాలు కలిసి నెలకొల్పిన దక్షిణాసియా విశ్వవిద్యాలయం 2010 నుంచి ఢిల్లీలో నడుస్తోంది. బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక విద్యార్థుల పక్కన కూర్చుని దక్షిణాసియా గురించి చదువుకునే అవకాశం అక్కడ దొరుకుతుంది. ఫీజు జేఎన్‌యూ కంటే ఎక్కువ కాబట్టి స్కాలర్‌షిప్పుల సంగతి ముందే కనుక్కోవాలి. పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో రాజకీయాలు, అంతర్జాతీయ సంబంధాల ఎంఏ, కేరళ కేంద్రీయ విశ్వవిద్యాలయం, సిక్కిం విశ్వవిద్యాలయం, గుజరాత్ కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లోని విభాగాలు, కొట్టాయంలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయ విభాగం, జాదవ్‌పూర్ ఎంఏ, ఇవన్నీ మధ్యతరగతికి అందుబాటులో ఉన్నవే. వీటిలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు చాలావరకు సీయూఈటీ పీజీ మార్కులను పరిగణనలోకి తీసుకుంటాయి కాబట్టి ఒకే పరీక్షతో పలు చోట్ల ప్రయత్నించవచ్చు.

హైదరాబాద్‌లోనే ఉండిపోవాలంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో గాని, రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాలో గాని ఎంఏ రాజనీతిశాస్త్రం చేయవచ్చు. ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవారికి ఇగ్నో, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నాయి. సివిల్స్ లక్ష్యంగా ఉన్నవారికి ఇవి చాలు. పరిశోధన వైపు వెళ్లదలచినవారికి మాత్రం ఢిల్లీ వెళ్లమని చెబుతాను: రాయబార కార్యాలయాలు, పరిశోధన సంస్థలు, ఉచితంగా వినగల ఉపన్యాసాలు అక్కడే ఎక్కువ. జేఎన్‌యూ హాస్టల్ దొరికితే ఢిల్లీ ఖర్చు భయపెట్టదు. దొరకకపోతే బయట గది అద్దె ఎంతో ముందే లెక్కలో రాసుకోవాలి. బీఏలో దాచిన డబ్బు ఇక్కడ అక్కరకు వస్తుంది.

ఏడో అడుగు: విదేశాల ఆలోచన

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీల్లో కూర్చుంటే ప్రతి దేశమూ దగ్గరే అనిపిస్తుంది. చాలా కన్సల్టెన్సీలకు ఆదాయం విశ్వవిద్యాలయాలు ఇచ్చే కమీషన్ నుంచి వస్తుంది. కాబట్టి కమీషన్ ఇవ్వని చవకైన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పేర్లు అక్కడ తక్కువగా వినిపిస్తాయి. ఆ జాబితా మీరే తయారుచేసుకోవాలి.

పూర్తి ఖర్చు భరించే స్కాలర్‌షిప్పులతో మొదలుపెట్టండి. ఐరోపా దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి మాస్టర్స్ కోర్సుల్లో స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. భద్రతా అధ్యయనాలు, వలసలు, ప్రజా విధానం వంటి అంశాల్లో కోర్సులున్నాయి, దరఖాస్తులు ఎక్కువగా అక్టోబరు, జనవరి మధ్య తీసుకుంటారు. బ్రిటన్ ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల పని అనుభవం కావాలి, అంటే 2,800 గంటలు. చదువు ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. బీఏ అయిన వెంటనే కాకుండా కొంత ఉద్యోగం చేసినవారికి ఇది తగినది. హంగరీ ప్రభుత్వ స్కాలర్‌షిప్ స్టైపెండియం హంగారికంలో బీఏ స్థాయికి కూడా అవకాశం ఉంది. నెలవారీ భత్యం చిన్నదే, ఇంటి నుంచి కొంత పంపవలసి వస్తుంది.

జర్మనీ ఉచితమని అందరూ అంటారు. ఆ మాటను నిదానంగా చూడాలి. చాలా రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదన్నది నిజమే. బాడెన్-వుర్టెంబర్గ్ మాత్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటివారి దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. కానీ వీసా కోసం బ్లాక్డ్ అకౌంటులో, అంటే నెలకు కొంత మాత్రమే తీసుకోగల ఖాతాలో, ఏడాది జీవన వ్యయం చూపాలి, 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. యూరోను వంద రూపాయలుగా లెక్కిస్తే సుమారు 12 లక్షలు, రెండేళ్లకు 24 లక్షలు. అక్కడ పార్ట్‌టైమ్ పని చేయవచ్చు గాని, జర్మన్ రాకపోతే ఆ పని దొరకడం కష్టం. నాలుగో అడుగులో భాష గురించి అంత చెప్పింది ఇందుకే. నార్వే గురించి పాత సమాచారం నమ్మవద్దు, 2023 నుంచి అక్కడ కూడా ఐరోపా బయటివారికి ఫీజు విధిస్తున్నారు.

అమెరికాలో బీఏకు వెళ్లేందుకు హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హెర్స్ట్ వంటి కొద్ది సంస్థలు విదేశీ విద్యార్థుల విషయంలో కూడా డబ్బు స్తోమతను చూడకుండా ఎంపిక చేసి, తర్వాత కుటుంబ అవసరం మేరకు సాయం చేస్తాయి. సీటు దొరకడం అత్యంత కష్టం, దొరికితే ఖర్చు మాత్రం ఢిల్లీ ప్రైవేటు కళాశాల కంటే తక్కువ కావచ్చు. అమెరికాలో అంతర్జాతీయ వ్యవహారాల ఎంఏ పరిస్థితి వేరు: ఫీజులు భారీగా ఉంటాయి, సాయం పాక్షికంగానే దొరుకుతుంది. ఈ రంగం జీతాలతో నలభై లక్షలకు మించిన అప్పు తీర్చడం ఎంత కష్టమో రెండో అడుగులో చూశాం. పెద్ద మొత్తంలో స్కాలర్‌షిప్ లేకపోతే ఆ సీటును వదులుకోమనే చెబుతాను. మూడేళ్ల బీఏను అంగీకరించని అమెరికా విశ్వవిద్యాలయాలు కూడా ఉన్నాయి. దరఖాస్తు రుసుము కట్టే ముందే ఆ సంగతి రాసి అడగండి.

రాష్ట్ర ప్రభుత్వ సాయం గురించి తెలియక నష్టపోతున్నవారు చాలామంది. బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం ఉన్నాయి. పీజీ, ఆపై చదువులకు 20 లక్షల వరకు సాయం, కుటుంబ ఆదాయ పరిమితి ఐదు లక్షలు. బీసీ పథకంలో సామాజిక శాస్త్రాలు కూడా అర్హమైన కోర్సులే. అయితే మొదటి విడత ఆ దేశంలో దిగిన ఆధారం చూపాక, రెండోది మొదటి సెమిస్టరు ఫలితాలు చూపాక వస్తుంది. కనుక వీసా, టికెట్టు, మొదటి ఫీజు నాటికి ఆ డబ్బు చేతిలో ఉండదని లెక్కించి, మధ్యలో ఎలా నెట్టుకురావాలో ముందే ఏర్పాటు చేసుకోవాలి. కేంద్రం ఎస్సీ తదితర వర్గాలకు ఇచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పుకు ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలు. 2022 నుంచి భారతీయ సంస్కృతి, చరిత్ర, సామాజిక అధ్యయనాలకు సంబంధించిన అంశాలను దాని నుంచి తప్పించారు. మీ పరిశోధన ప్రతిపాదన ఆ పరిధిలోకి పోకుండా చూసుకోండి.

ఎనిమిదో అడుగు: చేతికొచ్చిన సీట్లను పోల్చడం

ప్రతి సీటుకు ఒక పేజీ తీసుకుని, కోర్సు మొత్తం కాలానికి ట్యూషన్, వసతి, భోజనం, ప్రయాణం, పుస్తకాలు, బీమా, వీసా కలిపి రాయండి. అందులోంచి ఖచ్చితంగా వస్తుందని కాగితం మీద ఉన్న సాయాన్ని మాత్రమే తీసివేయండి; వస్తుందేమోనన్న సాయాన్ని తీసివేయవద్దు. మిగిలింది రెండో అడుగులో రాసుకున్న అప్పు పరిమితి దాటితే ఆ పేజీని పక్కన పెట్టండి. దాటని వాటిలో అధ్యాపకులు, భాష, గ్రంథాలయం చూసి ఎంచుకోండి. ఒక విశ్వవిద్యాలయం ఎక్కువ సాయం చేసి, మీకు నచ్చిన రెండోది తక్కువ చేస్తే, మొదటి దాని లేఖ జతపరిచి రెండోదానికి మర్యాదగా ఒక అభ్యర్థన రాయండి. కొన్నిసార్లు రాయితీ పెంచుతారు, అడిగినందుకు సీటు తీసేయరు.

ముందస్తు రుసుము కట్టే ముందు, సీటు వదులుకుంటే ఎంత తిరిగి వస్తుందో, ఏ తేదీ లోపు చెప్పాలో చదవండి. చేరేటప్పుడు అసలు ధ్రువపత్రాలు సరిచూసి వెంటనే వెనక్కి ఇవ్వాలని, వాటిని కళాశాల తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా ఆదేశించింది. ఇవ్వబోమంటే ఆ ఆదేశం ప్రతి చూపించండి. తర్వాతి కౌన్సెలింగ్‌లో ఇంతకంటే మంచి సీటు వస్తే వెళ్లడానికి ఆ కాగితాలే మీ చేతిలో ఉండాలి.